పొద్దుగూకినాక అన్నం

మే 19, 1941. హిందూపురం

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ నాకంటే లావుగా ఉన్నారు. వచ్చి కూర్చుని, నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఇంక బతికినట్లేలేమ్మా" అని, మా ఇంటి కాఫీ తాగి పోయారు. బతికినట్లే అట. బతికింది అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. సాయంత్రానికి బజారులోని షావుకార్ల ఇళ్ళన్నీ వచ్చి పోయాయి.

బెంగుళూరులో రెండు దఫాలు కోశారు. కామెర్లు దిగడానికి మొదట ఒకసారి, అవి దిగాక కడుపు వెనకనున్న గడ్డ తీయడానికి ఇంకొకసారి. గడ్డతోపాటు దాని ఇరుగుపొరుగు కూడా కొంత తీసేశారట. గడ్డ ఎంతుంది, ఏ రంగులో ఉంది అని అందరూ అడుగుతున్నారు. నేనేదో దాన్ని మూటగట్టి తెచ్చుకున్నట్టు.

పెద్ద డాక్టరు మా తమ్ముడు భాస్కరయ్యను పిలిచి నా ఎదుటే చెప్పాడు. మెత్తగా ఉడికిన అన్నం, పలుచటి మజ్జిగ, పప్పుకట్టు, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తినాలి. నూనె, నెయ్యి సోకనీయగూడదు. చివరి అన్నం రాత్రి పడుకునే ముందు, అది మానితే మనిషి దక్కదు. భాస్కరయ్య ప్రతి మాటకూ తల ఊపాడు. వాడి తల చిన్నప్పటినుంచీ ఊపడానికే ఉంది. ఆ తలతోనే బెల్లం మండీ నడుపుతున్నాడంటే హిందూపురంలో బెల్లం ఎంత మంచిదో తెలుస్తుంది.

నాకు మటుకు ఆకలి లేదు. ఎన్నడూ పెద్దగా లేదు. పందొమ్మిదో ఏట మొగుడు పోయినప్పటినుంచీ ఒంటిపొద్దే, మధ్యాహ్నం ఒక్కసారి తిండి. ఇప్పుడు నలభై దాటాయి. ఇన్నేళ్ళూ ఈ ఇంటిల్లిపాదికీ రెండుపూటలా నేనే వండాను. రాత్రిళ్ళు వాళ్ళు జుర్రుకుంటూ తింటుంటే గరిటె పట్టుకుని నిలబడి చూశాను. తిండికి అంత ఆత్రం ఏమిటో నాకు అర్థం కాదు.

మే 20

ఆకలి కాలేదు.

మే 22

భాస్కరయ్య పెళ్ళాం అమృతవల్లి నా వంటిల్లు తగలేస్తూ ఉంది. ఆవాలు చిట్లకముందే కరివేపాకు పడేస్తోంది. నేను మంచంలో ఉన్నా చెవులు మంచంలో లేవు. పులుసు దింపేసరికి చింతపండు పచ్చివాసన పడసాల దాకా కొట్టింది. అదే పులుసు భాస్కరయ్య, వాడి ఇద్దరు కొడుకులు మూడోసారి వేయించుకుని తిన్నారు. ఇన్నేళ్ళు వీళ్ళ నాలుకల కోసమా నేను పొగలో కళ్ళు మండించుకున్నది!

నాకు ఆకలి కాలేదు. పోపు తప్పిందని తెలిసింది, అంతే.

మే 23

దీపం పెట్టాక అమృతవల్లి గిన్నెలో మెత్తటి అన్నం, మజ్జిగ పోసి తెచ్చింది. మూలన జపం చేసుకుంటున్న పెద్దమ్మ జయలక్ష్మమ్మ లేచి అడ్డం వచ్చింది. మా అమ్మకు అక్క. పదిహేనో ఏటనే మొగుడు పోయి, డెబ్బై దాటే దాకా ఒంటిపొద్దు ఉన్న మనిషి. ఈ ఇంట్లో అందరికీ ఆమె అంటే దేవుడికంటే భయం. దేవుడు మాట్లాడడు కదా.

"ఏమ్మే, చేతిలో ఏంది?"

"అన్నం పెద్దత్తా. డాక్టరు చెప్పినాడంట కదా."

"పొద్దుగూకినాక దానికి అన్నమా? డాక్టరు చెప్తే? ఆయప్ప ఇంట్లో ఏం ఆచారమో ఎవురికి తెలుసు!"

"తినకుంటే పానం నిలబడదంట."

"నేను తింటాండానా? నాది నిలబడలే?"

అమృతవల్లి ఆ గిన్నె ఎత్తుకుని అట్లే వెనక్కి పోయింది. ఇంకొక్క మాట అని ఉంటే దాని సొమ్మేం పోయేది! "నాకు అక్కర్లేదులే" అని నేనే గట్టిగా అన్నాను, పెద్దమ్మకు వినబడేలా. ఇన్నేళ్ళు కాపాడుకున్న నియమాన్ని ఒక గిన్నె మజ్జిగన్నానికి అమ్ముకుంటానా? తిండిపోతులు ఉన్న ఇంట్లో నోరు కట్టుకున్నవాళ్ళం మేమిద్దరమే.

మజ్జిగలో శొంఠి వేసినట్టుంది. వాసన వచ్చింది.

మే 27

భాస్కరయ్య రైలెక్కి పెనుకొండ పోయి వచ్చాడు. అక్కడి గురుమూర్తి శాస్త్రిగారిని అడగందే మా ఇంట్లో గోడకు సున్నం కూడా పడదు. వాడు చెప్పులు విడవకముందే అరిచాడు.

"అక్కా! ఎన్నిసార్లయినా తినొచ్చంట!"

"ఏం తినొచ్చంట?"

"పలారం! అన్నమయితేనే ఒక్కసారి. పలారానికి లెక్క లేదంట. ఆరుసార్లు కాకుంటే పదిసార్లు తిను. డాక్టరు మాటా నిలబడె, పెద్దమ్మ మాటా నిలబడె."

పెద్దమ్మ కూడా సరేనంది. అందరూ ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. వాళ్ళ సంతోషం చూసి నేనూ ఆలోచించాను. బియ్యం నీళ్ళలో ఉడికితే అన్నం, అది తింటే పాపం. అవే బియ్యం ఇసుకలో పేలితే బొరుగులు, అవి తింటే పలారం. నీళ్ళకు పాపం, ఇసుకకు పుణ్యం. దీనికి పెనుకొండ దాకా రైలు టికెట్టు, శాస్త్రిగారికి పంచెల చాపు, గంపెడు మామిడిపళ్ళు.

అయినా ఒకందుకు మంచిదే. నియమం తప్పలేదు.

జూన్ 3

పొద్దున గోధుమరొట్టెలు, నేతిలో కాల్చినవి. తర్వాత ఉప్పిండి. మధ్యాహ్నం నా ఒక్కపూట అన్నం. సాయంత్రం ఉగ్గాణి, అంటే నానబెట్టిన బొరుగులకు చేరెడు నూనెతో తిరగమాత. రాత్రికి వేయించిన అటుకులు. డాక్టరు నూనె వద్దన్నాడని నేనే గుర్తుచేశాను. నూనె గురించి శాస్త్రిగారు ఏమీ అనలేదు కాబట్టి దోషం లేదని భాస్కరయ్య అన్నాడు. అంతకంటే, నూనె లేకుండా పెడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారని వాడి బెంగ. విధవ అక్కకు పొడిపొడిగా పెడుతున్నారని బజారంతా చెప్పుకుంటారట.

తిన్నది తిన్నట్టే పోతోంది, పైన నూనె తేలుతూ. పెరటికి తిరగడమే నా పని అయిపోయింది.

తిన్నప్పుడల్లా వేసుకొమ్మని బెంగుళూరులో ఒక పొడి ఇచ్చారు. అది పంది కడుపులోంచి తీసిన సరుకని ఆస్పత్రిలో నర్సమ్మ నా చెవిలో చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ రోజూ తన చేత్తోనే ఆ పొడికి నీళ్ళు అందిస్తుంది. రోజుకింత పంది నా లోపలికి పోతూనే ఉంది, మన మడి మాత్రం మెతుకు దగ్గర కాపలా కాస్తోంది.

జూన్ 8

ఆకలి కాలేదు. వెనకింటివాళ్ళు ఈ రోజు మునగాకు పప్పు చేశారు. వెల్లుల్లి ఎక్కువైంది.

జూన్ 15

మండీ మూశాక నన్ను బెల్లం కాటా మీద కూర్చోబెట్టారు. ఒక తట్టలో నేను, ఇంకొక తట్టలో రాళ్ళు. హమాలీ సుంకన్న మొహం పక్కకు తిప్పుకుని రాళ్ళు తీస్తూ పోయాడు. తీసేకొద్దీ భాస్కరయ్య మొహం పాలిపోయింది. మూడు మణుగులు కూడా సరిగ్గా లేను. ఆస్పత్రినుంచి వచ్చేటప్పటికంటే తగ్గాను. ఒక మంచి బెల్లం బస్తా నాకంటే బరువు ఉంటుంది, దానికి ధర కూడా ఉంటుంది.

జూన్ 16

తప్పు ఎవరిదో తేలిపోయింది. డాక్టరుదట. సరిగ్గా కోయలేదట. పేగు ఎక్కడో వదిలేసి కుట్టాడట. వీళ్ళెవరూ వంకాయ కూడా తిన్నగా కోయలేరు. రేపటినుంచి రొట్టెలకు నెయ్యి ఇంకొంచెం ఎక్కువ రాస్తుందట అమృతవల్లి, బలానికి.

జూలై 5

తొలి ఏకాదశి. పెద్దమ్మకు నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. నాకు పేలపిండి తినొచ్చన్నారు. డెబ్బై దాటిన మనిషి ఉపవాసం ఉంటే నేను బెల్లం కలిపిన పిండి బొక్కుతూ కూర్చోవాలా? నేనూ ఉంటానన్నాను. పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. నా చిన్నతనం తర్వాత ఆమె నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు.

జూలై 6

నేను పడిపోయానని అందరూ అంటున్నారు. కాలు జారింది.

జూలై 9

చెల్లెలు శారదమ్మ ధర్మవరంనుంచి వచ్చింది. నన్ను చూసి వాకిట్లోనే ఏడ్చింది. దాని ఏడుపు చిన్నప్పటినుంచీ అంతే, వీధంతా వినాలి.

"ఏందక్కా ఇది? పీనుగ మాదిరి ఉండావు! ఏం పెడతాండారు అక్కకు?"

"రోజంతా తింటానే ఉండాదమ్మా," అన్నాడు భాస్కరయ్య. "ఒళ్ళుకు పట్టల్లేదు. అక్క రాత."

"రాత కాదు. నేను తీసకపోతా."

ఎవరూ కాదనలేదు. కాదంటారని ఎదురుచూశాను. అన్నపానాలు చూసిన చేతులివి, ఒక్కరైనా ఉండమని అనలేదు. ఈ ఇంట్లో చావు పడకపోతే చాలనుకున్నట్టున్నారు.

జూలై 10. ధర్మవరం

దారిలో పెనుకొండ స్టేషనుకు శాస్త్రిగారు వచ్చి నిలబడ్డారు. భాస్కరయ్య కబురు పంపినట్టుంది. ఆయన పొట్ట కిటికీకి అడ్డం వచ్చి కొండ కనబడలేదు.

"పలారాలు చక్కగా సాగుతున్నాయా తల్లీ?"

"సాగుతున్నాయి స్వామీ. ఆగడమే లేదు."

ఆయన ఆశీర్వదించి నేతిమిఠాయి పొట్లం ఇచ్చారు. బండి కదిలాక శారద దాన్ని కిటికీలోంచి పారేసింది. నేను కసిరాను. కసరడానికి కూడా గొంతు లేదు.

జూలై 12

శారద మొగుడు పట్టుచీరల వ్యాపారి, నెలలో సగం రోజులు మద్రాసులో ఉంటాడు. పెరట్లో ఒక గదిలో కుళ్ళాయమ్మ అనే ఆమె రాట్నం మీద పట్టు చుడుతుంది. నా ఈడుదే. మొగుడు లేడు. పొద్దుగూకాక రాట్నం పక్కకు నెట్టి, సంగటి ముద్ద, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టుకుని గడప మీద కూర్చుంది. నేను అరుగు మీదనుంచి చూస్తున్నాను.

"రాత్రిపూట తింటావా నువ్వు?" అని అడిగాను.

"తింటానమ్మా. ఏం?"

"మొగుడు పోయినోళ్ళు తినగూడదు కదా."

ఆమెకు నా మాట సరిగ్గా అర్థం కూడా కాలేదు. "ఆకలయితాది, తింటా," అంది. అని ఇంకొక ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకుంది.

ఎంత సిగ్గు లేకుండా చెప్పింది! దగ్గొచ్చింది, నిద్రొచ్చింది అన్నంత తేలిగ్గా. వేళ్ళు నాకి, చెంబెడు నీళ్ళు తాగి, ఆ గడప మీదే కాళ్ళు చాచుకుంది. నేను లోపలికి వచ్చేశాను. అట్లాంటివాళ్ళను చూస్తూ కూర్చోవడం నాకే చిన్నతనం.

జూలై 13

ఆకలయితాది, తింటా. అట!

జూలై 15

ఈ రోజు నాకు ఆకలయింది.

మేనుంచి రాసినవన్నీ తిప్పి చదివాను. ఆకలి కాలేదు, ఆకలి కాలేదు. ఆ మాట పక్కనే ఇరుగింటి పోపు పేరు, పొరుగింటి పప్పు పేరు రాసుకున్నాను. ఎవరిని మోసం చేయడానికి? ఈ పుస్తకం చదివే తీరిక ఆ ఇంట్లో ఎవరికుంది?

దీపాల వేళ శారద పొయ్యి దగ్గర ఉంది. పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను.  ఈ మాట అనడంకంటే కడుపు కోయమని సంతకం పెట్టడం తేలిక.

"శారదా, నాకు అన్నం పెట్టు."

అది తిరిగి చూసింది. గబగబా పోయి వీధి తలుపు మూసింది. పెరటి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. తర్వాత గుప్పెడు బియ్యం కడిగి విడిగా పొయ్యి మీద పెట్టింది, గంజి వార్చకుండా, మెత్తగా.

"ఎవురికీ తెలీదులే అక్కా," అంది వడ్డిస్తూ.

అన్నం, పలుచటి మజ్జిగ, ఉప్పు. దానికి ఉప్పు కొలత ఎప్పుడూ రాదు, ఎక్కువైంది. నేను ఏడుస్తూ తిన్నాను. రుచికి ఏడ్చాను. కోపానికి ఏడ్చాను. పందొమ్మిదేళ్ళ పిల్ల చేతిలోంచి గిన్నె లాక్కుని, తినకపోవడమే నీకు గొప్ప అని చెప్పారు. ఆ పిల్ల నమ్మింది. నమ్మి, తినేవాళ్ళందరినీ చూసి మూతి తిప్పుకుంటూ ముసలిదవుతూ వచ్చింది.

జూలై 16

కడుపు కదల్లేదు. తెల్లారిందాకా నిద్రపోయాను.

ఆగస్టు 4

ఇప్పుడు డాక్టరు చెప్పినట్టే రోజుకు ఆరుసార్లు, మెత్తటి అన్నమే. నూనె లేదు. పంది పొడి మటుకు ఉంది, దానికి నా నమస్కారం. చెంపలు కొంచెం నిండాయి. శారద పులుసు మూడురోజులు ఓర్చుకుని, నాలుగో రోజు దాని చేతిలోంచి గరిటె లాక్కున్నాను. వంట చేస్తూ రుచి చూశాను. ఇన్నేళ్ళలో సాయంత్రంపూట వండేటప్పుడు రుచి చూడటం ఇదే మొదలు. వాసనతోనే ఉప్పు చెప్పేదాన్ని నేను. దాన్ని కూడా అందరూ మెచ్చుకునేవాళ్ళు, వెధవలు.

ఒకటే నచ్చడం లేదు. రాత్రి తినేటప్పుడు శారద ఇంకా గొళ్ళెం పెడుతోంది. దొంగసరుకు దాచినట్టు. దాని మంచితనమంతా ఆ గొళ్ళెం దాకే. గొళ్ళెం చప్పుడయ్యాకే నేను ముద్ద ఎత్తుతున్నాను కాబట్టి నా ధైర్యం గురించి చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు.

ఆగస్టు 29. హిందూపురం

భాస్కరయ్య వచ్చి తీసుకొచ్చాడు. రాగానే కాటా. ఈసారి సుంకన్న నవ్వుతూ రాళ్ళు వేశాడు. నాలుగు మణుగులకు దగ్గరపడ్డాను.

భాస్కరయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది నిజమైన ఏడుపే, కాదనను. తర్వాత నోరు తెరిచాడు.

"చూసినావా అక్కా, శాస్త్రిగారి మాట! పలారాలు ఆలిసెంగా పట్టినాయి, అంతే."

రేపే పెనుకొండకు మనిషిచేత కొత్త పంచెలు పంపిస్తాడట. నేను వాడిని చూస్తూ ఉండిపోయాను. ఇంత తెలివితక్కువతనం ఒక్క మనిషిలో ఎట్లా పడుతుందా అని. అమృతవల్లి వంటింటి తాళంచెవి నా ఒళ్ళో పెట్టి ఊపిరి పీల్చుకుంది.

"ఇంక నీ పొయ్యి నీదే వదినా. నీ చేతి కూడు లేక వీళ్ళు నన్ను తిట్టని దినం లేదు."

"ఇంక పలారాలు కూడా యాల?" అంది పెద్దమ్మ. "జబ్బుండె, తినింది. బాగయింది కదా. మన ఒంటిపొద్దు మనకు ఉండనే ఉండాది."

అందరూ అవునన్నారు. జబ్బు పోయింది, జబ్బుతో ఇచ్చిన తిండి కూడా పోవాలి. రాత్రి అన్నం మానితే మనిషి దక్కదని డాక్టరు చెప్పినప్పుడు ఊగిన తల, ఇప్పుడూ ఊగింది.

ఆగస్టు 30

రాత్రి ఏమీ తినలేదు. పొద్దున లేవబోతే గోడ తిరిగింది.

కడుపునొప్పి అని పడుకుంటే సరి. మూలుగుతూ ఉంటే ఏదో ఒకటి పెడతారు. ధర్మవరం పంపిస్తారు, శారద గొళ్ళెం పెడుతుంది. మధ్యాహ్నమంతా ఇదే ఆలోచించాను. చచ్చేదాకా జబ్బు నటిస్తే చచ్చేదాకా అన్నం దొరుకుతుంది.

ఇది ఆలోచించింది నేనే. భాస్కరయ్యను తెలివితక్కువవాడని నిన్ననే రాశాను.

సెప్టెంబరు 2

నిన్న రాత్రి జరిగింది ఇప్పుడు, తెల్లారాక రాస్తున్నాను.

సాయంత్రం వంట నేనే చేశాను. వంకాయ పులుసు, పప్పు, అన్నం. అన్నం ఎప్పటికంటే మెత్తగా ఉడికించాను, అందరికీ కలిపే. దీపం పెట్టి, విస్తళ్ళు వేశాను. భాస్కరయ్యకు, పిల్లలిద్దరికీ, అమృతవల్లికి. ఆ వరసలోనే నాకూ ఒకటి వేసుకుని కూర్చున్నాను. అన్నం గిన్నె, గరిటె నా పక్కన పెట్టుకున్నాను. వీధి తలుపు తెరిచే ఉంది.

ముందు నా విస్తట్లో వడ్డించుకున్నాను.

"అక్కా, ఏమిది?" భాస్కరయ్య చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"అన్నం."

"పొద్దుగూకింది కదక్కా!"

"కనబడతాండాది. దీపం పెట్టింది నేనే."

"ఎవురన్నా చూస్తే?"

"చూడనీ. నాకు ఆకలయింది భాస్కరా. ధర్మవరంలో రాత్రిపూట అన్నం తినే బాగయినా. పలారాలు తినుంటే ఈపాటికి నా తద్దినానికి వండుకుంటాండేవాళ్ళు మీరు. ఈరోజు తింటా, రేపు తింటా. కూర్చోండి. నాదయినాక మీకు వడ్డిస్తా."

ఎవరూ కదల్లేదు. గరిటె నా చేతిలో ఉంది. ఈ ఇంట్లో మొగవాళ్ళకు గరిటె ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు. అమృతవల్లి ముందుకు రాబోయి ఆగిపోయింది. నేను మజ్జిగ కలుపుకుని మొదటి ముద్ద తిన్నాను.  పులుసు గిన్నె మూత తీశాను. పిల్లలిద్దరూ కూర్చున్నారు. కొంచెంసేపటికి వాళ్ళ నాయనా కూర్చున్నాడు. వాడి ధర్మం పులుసు వాసన దాకా నిలిచింది.

పెద్దమ్మ మూలన గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె అరుస్తుందని, తల బాదుకుంటుందని కాచుకుని ఉన్నాను. ఏం జవాబు చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను, చాలా ఘాటైన జవాబు. ఆమె జపం చేసుకుంటూనే ఉంది. నా తిండి అయింది. వాళ్ళకు వడ్డించాను, తిన్నారు, లేచి పోయారు. అమృతవల్లి విస్తళ్ళు ఎత్తుకుని పెరట్లోకి పోయింది. అప్పుడు గోడవైపునుంచే గొంతు వినిపించింది.

"వేడిగా ఉండెనా?"

నాకు ముందు అర్థం కాలేదు.

"ఏంది పెద్దమ్మా?"

"అన్నం. వేడిగా ఉండెనా?"

"ఉండె."

 తర్వాత, "రాత్రిపూట మా యమ్మ చారు పోసి కలిపేది," అంది. "చేతికి కాలేది. ఊదుకుంటా తినేవాళ్ళం."

ఘాటైన జవాబు ఎటు పోయిందో.  గిన్నెలో ఇంకా అన్నం ఉంది. ఆవిరి వస్తోంది. దాన్ని ఆమె పక్కకు జరిపి, మూత పెట్టకుండా, నేనూ అక్కడే కూర్చున్నాను.

పెద్దమ్మ తినలేదు. లేచి పోనూ లేదు.